పద్దు కొట్టేస్తే అప్పు తీరుతుందా?



ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బులని ఒక జాతి క్రియలున్నాయి. ఒక మామూలు క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్, డౌన్ లాంటి పొట్టి మాట వచ్చి చేరుతుంది. రెండూ కలిశాక వచ్చే అర్థం, వాటిని విడదీసి వెతికితే చాలాసార్లు దొరకదు. గివ్ అంటే ఇవ్వడం, గివ్ అప్ అంటే మానుకోవడం. పుట్ అంటే పెట్టడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. బడిలో వీటిని జాబితాగా ఇచ్చి బట్టీ పట్టిస్తారు. ఒకటి తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది, అంతే. కానీ ఈ జాతి మాట ఒకటి బ్యాంకు మెట్లు దిగి, వార్తల్లోకెక్కి, మన మిర్చి చేల గట్ల దాకా వచ్చింది. దాన్ని తప్పుగా పట్టుకున్న రైతుకు బ్యాంకులో తాకట్టున్న బంగారం, భూమి రికార్డులో ఉన్న చార్జి, వచ్చే సాగుకు పుట్టాల్సిన అప్పు అన్నీ చిక్కులో పడతాయి. ఆ మాట రైట్ ఆఫ్. బ్యాంకులు ఇన్ని లక్షల కోట్లు రైట్ ఆఫ్ చేశాయి అన్న వార్త రాగానే దాన్ని మనం మాఫీ అని చెప్పేసుకుంటున్నాం. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తీ మిరపా వేసే రైతుకు ఈ అనువాదం చేస్తున్న కీడు చిన్నది కాదన్నది నా వాదన. రెండు మాటలనూ విడిగా ఉంచుకోవాలి. ఉంచుకోవడానికి కావలసిన సరంజామా తెలుగులో పుష్కలంగా ఉంది.

ముందు ఆ మాట చేసే పనేమిటో చూద్దాం. రైట్ అంటే రాయడం, ఆఫ్ అంటే ఉన్నచోటి నుంచి తొలగిపోవడం. అప్పిచ్చినవాడి లెక్కల్లో, ఇంకొకరి దగ్గర్నుంచి రావలసిన బాకీ ఆస్తి కింద ఉంటుంది. అది ఇక వచ్చేలా లేదని తేలినప్పుడు, దాన్ని ఆస్తిగా చూపించడం మానేసి, ఆ మేరకు నష్టం రాసుకుని, పద్దును తప్పిస్తారు. ఈ పనంతా అప్పిచ్చినవాడి పుస్తకంలోనే మొదలై అక్కడే ముగుస్తుంది. అప్పు తీసుకున్నవాడు సంతకం చేసిన కాగితం బీరువాలో చెక్కుచెదరకుండా ఉంటుంది. మాఫీలో జరిగేది వేరు. అక్కడ అప్పిచ్చినవాడు నాకు నీ దగ్గర్నుంచి ఏమీ రావక్కర్లేదని ఎదుటివాడితో చెబుతాడు, లేదా అతని తరఫున ఇంకొకరు చెల్లిస్తారు. హక్కే పోతుంది. ఒకటి లెక్క, ఒకటి హక్కు. ఈ తేడా నేను కల్పించింది కాదు. రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న రాజీ పరిష్కారాల మీద, సాంకేతిక రైట్ ఆఫ్‌ల మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది. సాంకేతిక రైట్ ఆఫ్ అంటే ఏమిటో అందులో నిర్వచించింది. రుణగ్రహీత ఖాతాలో బాకీ అలాగే నిలిచి ఉంటుంది, బ్యాంకు లెక్కల కోసం మాత్రమే దాన్ని తప్పిస్తారు, అతని మీద ఉన్న క్లెయిము ఏదీ వదులుకున్నట్టు కాదు, వసూలు చేసుకునే హక్కుకు భంగం రాదు. ఆ నిర్వచనం సారాంశం ఇదీ.

పంట రుణం ఈ దారిలోకి ఎలా వస్తుందో తెలుసుకుంటే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మామూలు అప్పు 90 రోజులు కట్టకపోతే నిరర్థక ఆస్తి అవుతుంది. పంటరుణాలకు రోజుల లెక్క లేదు, పంటకాలాల లెక్క ఉంది. స్వల్పకాలిక పంటలైతే గడువు దాటి రెండు పంటకాలాలు, ఏడాదికి మించి ఉండే పంటలైతే ఒక పంటకాలం. పత్తీ మిరపా స్వల్పకాలిక పంటల కిందికే వస్తాయి. ఆ తర్వాత బ్యాంకు ఏటేటా తన లాభంలోంచి కొంత పక్కన పెడుతూ పోతుంది. అలా మొత్తం బాకీకి సరిపడా పక్కన పెట్టేశాక, పద్దును లెక్కల్లో మోయడం వల్ల దానికి ఒరిగేదేమీ ఉండదు. తప్పించేస్తుంది. దానివల్ల మొండి బాకీల శాతం తగ్గి కనిపిస్తుంది. పన్నులో కూడా వెసులుబాటు ఉంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పుస్తకాల్లో రైట్ ఆఫ్ చేసిన రానిబాకీని ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. అది నిజంగా వసూలు కాదని రుజువు చేయనక్కర్లేదు, పుస్తకంలో కొట్టేస్తే చాలని సుప్రీంకోర్టు 2010లో టీఆర్ఎఫ్ లిమిటెడ్ కేసులో చెప్పింది. అదే చట్టం ఇంకో చోట, ఆ బాకీ తర్వాత వసూలైతే దాన్ని మళ్లీ ఆదాయంగా చూపమంటుంది. రైట్ ఆఫ్ అయిన అప్పు తిరిగి వసూలవుతుందని చట్టమే ముందుగా ఊహించి ఏర్పాటు చేసిందన్న మాట. మాఫీ అయిన అప్పుకు ఇలాంటి ఏర్పాటుతో పనేముంది?

ఇక భాష సంగతి. ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బు తెలుగువాడికి కొత్త వింతలా నేర్పుతారు గానీ, మన నోట రోజూ అలాంటి జంటలే ఆడుతుంటాయి. కొట్టు అనే క్రియకు వేయు చేరితే కొట్టేయడం. చెట్టు కొట్టేశారు, కోర్టు కేసు కొట్టేసింది, జేబు కొట్టేశాడు, పద్దు కొట్టేశాడు. ఇందులో వేసిందేమీ లేదు, చాలాచోట్ల కొట్టిందీ లేదు. వేయు తన సొంత అర్థం వదిలేసి, పని పూర్తయిపోయిందన్న భావం మాత్రం మోస్తోంది. తినేశాడు, రాసేశాడు, తీర్చేశాడు అన్నప్పుడు చేస్తున్నదీ అదే. ఇంగ్లీషులో ఆఫ్ చాలాచోట్ల ఈ ఉద్యోగమే చేస్తుంది. పే ఆఫ్ అంటే తీర్చేయడం, రైట్ ఆఫ్ అంటే కొట్టేయడం. కనుక రైట్ ఆఫ్‌కు సూటి తెలుగు పద్దు కొట్టివేత. ఇందులో పద్దు అన్న మాట ముఖ్యం. కొట్టేసింది పద్దును, అప్పును కాదని ఆ ఒక్క మాట చెబుతుంది. దాన్ని వదిలేసి రుణాల కొట్టివేత అన్నామా, వెంటనే అర్థం మాఫీ వైపు జారిపోతుంది.

వ్యవసాయంలో ఉన్నవాళ్లకు ఇంత సూక్ష్మమైన తేడాలు పడతాయా అని అడిగేవాళ్లు ఆ భాషను దగ్గరగా విననివాళ్లు. 1928లో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లాజిల్లాలా రైతుల నోటి నుంచి మాటలు సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయం మీదే తెచ్చారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దాన్ని ప్రచురించింది. చేసే పనిలో తేడా ఉన్నచోట మాటలోనూ తేడా పెట్టుకోవడం సేద్యగాళ్లకు అలవాటేనని ఆ పుస్తకం పేజీపేజీలో కనిపిస్తుంది. మిరప ఆకు పైకి ముడుచుకుంటే పైముడత, కిందికి ముడుచుకుంటే కింది ముడత. మొదటిది తామర పురుగు పని, రెండోది నల్లి పని, రెండింటికీ మందు వేరు. ఆ తేడా తెలియకుండా మందు కొడితే డబ్బూ పోతుంది, చేనూ పోతుంది. అంత జాగ్రత్తగా మాట్లాడే రైతు అప్పు విషయంలో మాత్రం రెండు వేరు జబ్బులను ఒకే పేరుతో పిలవాల్సి వస్తోందంటే, ఆ పేరు అతనికి అందించిన మనది తప్పు.

అప్పుల విషయంలోనూ ఊళ్లో వాడుక చాలా పదునైనది. ప్రామిసరీ నోటు మీద కొంత సొమ్ము ముట్టచెప్పినప్పుడు నోటు వెనక చెల్లు రాయించుకుంటారు. పూర్తిగా తీరిస్తే నోటు వెనక్కి తీసుకుంటారు. మూడేళ్లు గడిచిపోతే నోటుకు కాలదోషం పట్టిందంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఆ తర్వాత కోర్టులో దావా చెల్లదు. అయితే కాలదోషం పట్టినంత మాత్రాన అప్పు లేకుండా పోయిందని చట్టం అనదు. దావా వేసే దారి మూసుకుపోతుంది, బాకీ బాకీగానే ఉంటుంది. అలాంటి పాత బాకీ కడతానని బాకీదారు మళ్లీ రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుందని 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. గడువు దగ్గర పడేసరికి అప్పిచ్చినవాడు వచ్చి, పదో పరకో అయినా ఇవ్వు, చెల్లు రాసుకుంటానని కూర్చోవడం వెనక మర్మం ఒకటుంది. బాకీదారు సంతకం ఉన్న ఆ చెల్లుతో మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి. వ్యాపారి చేతులెత్తేసి కోర్టులో దివాలా పిటిషన్ వేస్తే ఐపీ పెట్టాడంటారు. ఐపీ పెట్టిన రోజునే అప్పులు రద్దు కావని, కోర్టు దివాలా ప్రకటించి, ఆ తర్వాత విముక్తి ఉత్తర్వు ఇస్తేనే అతను బయటపడతాడని అలాంటి వ్యాపారుల చేతిలో సొమ్ము పోగొట్టుకున్నవాళ్లకు బాగా తెలుసు. చెల్లు, కాలదోషం, ఐపీ. ఇన్ని మెట్లు విడదీసి చూడగలిగిన వాడుకకు, పద్దు కొట్టివేత అనే ఇంకో మెట్టు ఏం బరువు?

అసలైన మాఫీ ఎలా ఉంటుందో మన ప్రాంతం చూసింది. గుంటూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా తీరిపోయినట్టే లెక్క అన్నది. అసలుకు రెట్టింపు సొమ్ము అప్పటికే ముట్టి ఉంటే అప్పే తీరిపోయినట్టన్నది. అప్పిచ్చినవాడి పుస్తకంలో ఏమి రాసి ఉన్నా చట్టం దృష్టిలో హక్కు ముగిసింది. 2008లో కేంద్రం ప్రకటించిన రుణమాఫీలో, 2007 మార్చి 31లోగా తీసుకుని ఆ డిసెంబరు చివరికి గడువు మీరిన పంటరుణాలకు, రెండు హెక్టార్ల లోపు రైతులకు పూర్తి మాఫీ, అంతకు మించినవాళ్లు 75 శాతం కడితే 25 శాతం రాయితీ ఇచ్చారు. ఆ సొమ్మును కేంద్రం బ్యాంకులకు చెల్లించింది. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర దాకా రుణ విమోచన ప్రకటించి, 50 వేల లోపు బాకీలను ఒకేసారి, మిగిలినవాటిని విడతలుగా చెల్లించడం మొదలుపెట్టింది. 2019లో ప్రభుత్వం మారాక మిగిలిన విడతలు ఆగిపోయాయి. మాఫీ అన్న మాట ప్రభుత్వం నోట వచ్చిన రోజున అప్పు తీరదనీ, బ్యాంకుకు సొమ్ము చేరి రైతు చేతికి కాగితం వచ్చిన రోజున తీరుతుందనీ ఆ అనుభవం చెబుతోంది. ఆ కాగితమే పెద్ద సమస్య. 2008 పథకం మీద కాగ్ 2013లో ఇచ్చిన నివేదికలో, తనిఖీ చేసిన ఖాతాల్లో మూడో వంతుకు పైగా మాఫీ ధ్రువపత్రం రైతుకు ఇచ్చినట్టు ఆధారం లేదని తేలింది. నిజమైన మాఫీకే రుజువు అందని రైతుకు, మాఫీ కానిదాన్ని మాఫీ అని వినిపించడం ఎంత అన్యాయం!

నా వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది భాష తెలిసినవాళ్లు చెప్పేది. ఇంగ్లీషులోనే ఈ మాటకు రెండర్థాలున్నాయి కదా, తెలుగువాడిని తప్పు పట్టడం దేనికి అంటారు. నిజమే. బ్రిటన్‌లో విద్యార్థి రుణం నిర్ణీత కాలం దాటాక రైట్ ఆఫ్ అవుతుందంటే, అది నిజంగానే రద్దయిపోతుందని అర్థం. ఆ తర్వాత ఎవరూ అడగరు. పేద దేశాల అప్పులు రైట్ ఆఫ్ చేయాలని ఉద్యమాలు నడిచినప్పుడూ ఆ అర్థమే. ప్రమాదంలో నుజ్జయిన కారునూ, ఇక పనికిరాడనుకున్న మనిషినీ రైట్ ఆఫ్ చేశారంటారు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి మిరప చేలను దున్నించినప్పుడు, ఇంగ్లీషు విలేకరి పంట రైట్ ఆఫ్ అయిందని రాస్తే తప్పు కాదు. మన రైతు దాన్నే చేను వదులుకున్నాం అన్నాడు. నేను అనేది, ఇంగ్లీషు మాట ఇన్ని దిక్కులకు వంగుతుంది గనుకే అనువదించేవాడు ఏ దిక్కో ముందు తేల్చుకోవాలని. బ్రిటన్ విద్యార్థి వార్తకు రద్దు అని రాయండి, సరిపోతుంది. మన బ్యాంకుల వార్తకు అలా రాస్తే తప్పు, ఎందుకంటే ఇక్కడ ఆ మాటకు నియంత్రణ సంస్థ కట్టిన అర్థం ఒకటుంది. పైగా ఆ పురుగు ఏడాదినే తీసుకుంటే, చేను వదులుకున్న రైతును ఆ చేను మీది అప్పు వదల్లేదు. ఒకే ఇంగ్లీషు మాట పంటకు ఒకలా, దాని అప్పుకు ఇంకోలా పనిచేసింది.

రెండో అభ్యంతరం కోపంలోంచి వస్తుంది. దాన్ని నేను గౌరవిస్తాను. పేరేదైతేనేం, పెద్దవాళ్ల అప్పులు వసూలు కావడం లేదు, అది మాఫీ కాక ఏమిటి అంటారు. లెక్కలు కొంతవరకు వాళ్ల వైపే ఉన్నాయి. 2022 డిసెంబరులో రాజ్యసభకు ఇచ్చిన సమాధానం ప్రకారం అంతకు ముందు 5 ఆర్థిక సంవత్సరాల్లో బ్యాంకులు రైట్ ఆఫ్ చేసింది 10 లక్షల కోట్ల రూపాయలకు పైనే. అదే కాలంలో రైట్ ఆఫ్ అయిన ఖాతాల నుంచి రాబట్టింది సుమారు లక్షా 32 వేల కోట్లు. నూటికి పదమూడు. ఇది సిగ్గుపడాల్సిన లెక్క. అయినా దాన్ని మాఫీ అంటే నష్టపోయేది ఆ కోపం న్యాయమైనవాళ్లే. మాఫీ అన్నాక అడగడానికి ఏముంటుంది? హక్కు ఇంకా బతికే ఉందంటేనే, ఎందుకు వసూలు చేయలేదు, ఎవరి మీద దావా వేశారు, ఏ ఆస్తి జప్తు చేశారు అని నిలదీయవచ్చు. ఇంకొకటి. పెద్ద కంపెనీల అప్పు నిజంగా రద్దయ్యే దారి వేరే ఉంది. 2016 దివాలా స్మృతి కింద పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందితే, ఆ ప్రణాళికలో లేని పాత బాకీలు ఆ కంపెనీ మీద చెల్లవని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. అక్కడ బ్యాంకులు వదులుకునే వాటా నిఖార్సైన మాఫీ. ఎకరం మిరపకు అప్పు తెచ్చిన రైతుకు ఆ స్మృతిలో అలాంటి తలుపు తెరుచుకోలేదు. వివక్ష ఎక్కడుందో చూపించాలంటే వేలు పెట్టవలసింది అక్కడ. రైట్ ఆఫ్‌నంతా మాఫీ అంటూ ఉంటే ఆ అసలు చోటు కనిపించకుండా పోతుంది.

మూడో అభ్యంతరం ఇంకా దగ్గరిది. ఈ ప్రాంతంలో మిరపా పత్తీ సాగు చేసేవాళ్లలో కౌలుదారులు ఎంతోమంది, వాళ్లకు బ్యాంకు అప్పే సరిగా పుట్టదు, మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గరో పురుగుమందుల దుకాణంలోనో ఖాతా నడుస్తుంది, బ్యాంకు మాటతో వాళ్లకేం పని అని. పని ఉంది. కౌలుదారు సాగు చేసే పొలం మీద యజమాని తీసుకున్న రుణం ఉండవచ్చు. అది రైట్ ఆఫ్ అయిందనో మాఫీ అయిందనో విన్న యజమాని బ్యాంకు వైపు చూడడం మానేస్తే, ఆ భూమి మీద కొత్త అప్పుకు దారి మూసుకుపోతుంది. సాగుదారు కార్డు ఉన్న కౌలురైతు వెళ్లినా, ఈ సర్వే నంబరు మీద పాత బాకీ ఉందన్న జవాబు ఎదురవుతుంది. కమీషన్ వ్యాపారి ఖాతాలోనూ తేడా ఇదే. సరుకు అమ్మిన పట్టీలో బాకీ మినహాయించుకున్న వ్యాపారి, ఈ ఏడు సగం రాసుకుని మిగతాది పక్కన పెట్టానంటే, అది తన చిట్టాలో పక్కన పెట్టడమా, వదిలేయడమా అని అప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. వచ్చే సీజనులో సంచులు యార్డుకు దిగాక అడిగితే ఆలస్యమవుతుంది.

బ్యాంకు గుమ్మంలో అడగవలసింది కూడా స్పష్టమే. మీ ఖాతా రైట్ ఆఫ్ అయిందని చెబితే, బాకీ ఎంత నిలిచి ఉందో రాతపూర్వకంగా అడగండి. బ్యాంకు కొంత తగ్గించి ఒకేసారి కట్టమంటే అది రాజీ పరిష్కారం. అందులో తగ్గించిన భాగం నిజంగానే వదులుకున్నట్టు, కాబట్టి ఆ ఒప్పందం కాగితం మీద ఉండాలి. కట్టేశాక బాకీ లేదన్న ధ్రువపత్రం, తాకట్టు పెట్టిన బంగారం, భూమి రికార్డులో చార్జి తొలగింపు, ఈ మూడూ చేతికి వచ్చాయో లేదో చూసుకోండి. సిబిల్ లాంటి సంస్థల నివేదికలో రైట్ ఆఫ్ అని ఉంటే బాకీ తీరనట్టు, సెటిల్డ్ అని ఉంటే తగ్గింపుతో తీరినట్టు. కొత్త అప్పుకు రెండూ అడ్డే. పత్రికల్లో, రేడియోలో, టీవీలో వార్త రాసేవాళ్లకు నా విన్నపం ఒకటే. బ్యాంకు రుణాల రైట్ ఆఫ్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా పద్దు కొట్టివేత అని రాసి, బాకీ వసూలు కొనసాగుతుంది అన్న ఒక్క వాక్యం పక్కన చేర్చండి. మాఫీ అన్న మాటను, ఎవరో ఒకరు నిజంగా సొమ్ము వదులుకున్న రోజు కోసం ఉంచండి.